హంగరీలో వేడినీటి ఊరికి వెళ్దామనుకుంటే: హేవీజ్‌కా, హోయ్దూసోబోస్లోకా, హార్కాన్‌కా, షార్వార్‌కా?

బుడాపెస్ట్ చూడటానికి వచ్చే మనవాళ్లు రెండో రోజుకల్లా ఒక మాట అడుగుతారు. "ఇక్కడి వేడినీటి స్నానాల గురించి చాలా విన్నాం. ఈ సిటీ రద్దీ వద్దు, చిన్న ఊరు ఏదైనా చెప్పు, రెండు రోజులుండి వస్తాం." నేను వెంటనే ఊరి పేరు చెప్పను. మీతో ఎవరొస్తున్నారని ముందు అడుగుతాను. మోకాళ్లు పట్టేసిన అమ్మానాన్నలా? నీళ్లు కనిపిస్తే ఆగని పిల్లలా? ఏళ్ల తరబడి చర్మం పొట్టు రాలి బాధపడుతున్నవాళ్లా? కొత్తగా పెళ్లయిన జంటా? దాన్నిబట్టి వెళ్లాల్సిన ఊరే మారిపోతుంది.

మొదటిసారి నేను ఈ సంగతి ఆలోచించలేదు. ఫొటోల్లో సరస్సు బాగుందని అమ్మను, అక్కను, ఆరేళ్ల మేనల్లుణ్ని హేవీజ్ తీసుకెళ్లాను. అమ్మ ఆ నీళ్లలోంచి బయటికి రానంది. పిల్లవాడు అరగంటకే ఒడ్డున కూర్చుని ఏడుపు మొదలుపెట్టాడు. వాణ్ని ఆడించడంతోనే సరిపోయి అక్క రెండు రోజులూ సరిగ్గా నీళ్లలో దిగనేలేదు. ఊరు మంచిదే, నీళ్లూ మంచివే. వాడికి తగిన ఊరు అది కాదు, అంతే. అందుకే ఈ ఊళ్లను అందాన్ని బట్టి కాకుండా, అక్కడి నీళ్లు ఎలాంటివి, ఎలా దొరికాయి అన్నదాన్ని బట్టి పోల్చి చెబుతున్నాను.

నీళ్లు దొరికిన తీరుకీ ఎంపికకీ సంబంధం ఉంది. హంగరీ ఉన్న పల్లపు నేలను పన్నోనియన్ బేసిన్ అంటారు. ఇక్కడ భూమి పైపొర పలచన. మామూలుగా కిలోమీటరు లోతుకు సుమారు 30 డిగ్రీలు పెరిగే వేడి, ఇక్కడ 50 డిగ్రీల దాకా పెరుగుతుంది. ఇరవయ్యో శతాబ్దంలో చమురు కోసం, గ్యాస్ కోసం బోర్లు వేసిన చాలాచోట్ల పొగలు కక్కే నీళ్లు పడ్డాయి. అలా బోరు నీళ్లతో పుట్టిన ఊరికి ఒక వెసులుబాటు ఉంది. పైపులో వచ్చే నీళ్లను చల్లార్చి, కలిపి, కావలసినంత లోతులో కావలసినన్ని కొలనులు కట్టుకోవచ్చు, జారుడు బల్లలు పెట్టుకోవచ్చు. ప్రకృతి ఇచ్చిన సరస్సు దగ్గర ఆ ఆటలు కుదరవు. అది ఎలా ఉంటే అలాగే దిగాలి. ఈ ఒక్క తేడా గుర్తుంటే సగం ఎంపిక అయిపోయినట్టే.

హేవీజ్: సరస్సే ఊరు

హేవీజ్ ఐదు వేల లోపు జనాభా ఉన్న ఊరు. బలాటన్ సరస్సు పడమటి కొసన ఉన్న కెస్ట్‌హెయ్ పట్టణానికి ఆరేడు కిలోమీటర్ల దూరం. పేరుకు అర్థమే "వేడి నీళ్లు". ఆ పేరు 1328 నాటి పత్రంలోనే కనిపిస్తుంది. ఊరి నడుమ 4.4 హెక్టార్ల వేడినీటి సరస్సు, దాని చుట్టూ కాపలా కాస్తున్నట్టు అడవి. స్నానానికి దిగగలిగే సహజమైన వేడినీటి సరస్సుల్లో ఇంత పెద్దది మరెక్కడా లేదని వాళ్లు గర్వంగా చెప్పుకుంటారు.

నీళ్లు అడుగునున్న గుహలోంచి వస్తాయి. 1975లో గజ ఈతగాళ్లు సుమారు 38 మీటర్ల లోతుకు దిగి ఆ గుహను కనుక్కున్నారు. లోపల ఒకవైపు వేడి ఊటలు, మరోవైపు చల్లని ఊటలు. రెండూ గుహలోనే కలిసి పైకి తన్నుకొస్తాయి. ఆ ఊట ఎంత బలమైనదంటే, సుమారు మూడు రోజుల్లో సరస్సు నీళ్లన్నీ మారిపోతాయి. నిలవ నీరు కాదా అని సందేహించేవాళ్లకు నేను చెప్పే జవాబు ఇదే. వేసవిలో పైనీళ్లు 33 నుంచి 36 డిగ్రీల మధ్య ఉంటాయి. గడ్డకట్టే చలికాలంలో కూడా ఇరవై రెండు, ఇరవై మూడు డిగ్రీల దగ్గర నిలబడతాయి.

నన్నడిగితే జనవరిలోనే చూడాలంటాను. చుట్టూ చెట్ల మీద మంచు, నీళ్ల మీద మనిషెత్తు ఆవిరి. సరస్సు మధ్యలో స్తంభాల మీద కట్టిన చెక్క స్నానశాల ఆ ఆవిరిలో ఒకసారి కనిపిస్తుంది, ఒకసారి మాయమవుతుంది. అక్కడి దాకా కప్పున్న వంతెన మీద నడిచి వెళ్లి, లోపలి మెట్ల మీంచి నేరుగా సరస్సులోకి దిగుతారు. దిగాక ఎవరూ పెద్దగా ఈదరు. నడుముకి రబ్బరు ట్యూబు వేసుకుని, కడ్డీ పట్టుకుని, కళ్లు మూసుకుని తేలుతూ ఉంటారు. మాటలు కూడా గుసగుసలే. నీళ్లకు సన్నగా గంధకం వాసన. కాలికి నేల తగలదు, అది మాత్రం ముందే చెప్పి తీసుకెళ్లాలి. అమ్మకు ఈత రాదు. ట్యూబు వేసుకున్నాక కూడా మొదటి పది నిమిషాలు నా చెయ్యి వదల్లేదు. తర్వాత వదిలేసింది. ఇంకో పావుగంటకి ఎవరో పెద్దావిడ పక్కన తేలుతూ, భాష తెలియకపోయినా ఇద్దరూ మోకాళ్లు చూపించుకుని మాట్లాడుకుంటున్నారు. ఈత రానివాళ్లు ట్యూబు లేకుండా దిగకూడదు. అక్కడే అద్దెకిస్తారు.

మన కళ్లకు వెంటనే పట్టేది ఇంకొకటుంది, నీళ్ల మీద ఎర్రటి పూలు. ఊరివాళ్లు వాటిని లోటస్ అంటారు. దగ్గరికెళ్లి ఆకు చూడండి. నీళ్లకు అతుక్కుని పరుచుకుని, ఒకచోట చీలిక ఉంటుంది. తామరాకైతే చీలిక లేకుండా గుండ్రంగా, నీళ్లకు పైకి లేచి ఉంటుంది. ఇది ఎర్ర కలువ, మన దేశపు మొక్క. కెస్ట్‌హెయ్ వ్యవసాయ కళాశాల ప్రొఫెసర్ షాండోర్ లోవాషి 1898లో దీన్ని ఇక్కడ నాటాడు. యూరప్ చలిలో బతకని మొక్క ఈ వేడి నీళ్లలో నిలదొక్కుకుని సరస్సంతా పాకింది. వేసవి నుంచి శరదృతువు దాకా పూస్తుంది. పొద్దున్నే వెళ్తే పూలు విచ్చుకుని కనిపిస్తాయి.

స్నానాల ఊరుగా హేవీజ్‌ను నిలబెట్టినవాడు కౌంట్ గ్యోర్గ్ ఫెష్టెటిచ్. 1795లో ఇక్కడ స్నానశాలలు కట్టించడం మొదలుపెట్టాడు. రెండేళ్లకే కెస్ట్‌హెయ్‌లో గ్యోర్గికాన్ అనే వ్యవసాయ కళాశాల పెట్టాడు. లోవాషి పనిచేసింది అక్కడే. ఫెష్టెటిచ్‌ల భవంతి, దాని లోపల హెలికాన్ లైబ్రరీ కెస్ట్‌హెయ్‌లో ఇప్పటికీ ఉన్నాయి. లైబ్రరీ గదిలో నేల నుంచి పైకప్పు దాకా ఓక్ చెక్క బీరువాలు. స్నానం మధ్యలో విరామంగా ఒక పూట అక్కడికి వెళ్లి రావచ్చు.

ఈ సరస్సు ఒకసారి ప్రమాదంలో పడింది. కాస్త దూరంలోని న్యిరాద్ బాక్సైట్ గనుల్లోంచి నీళ్లు తోడిపోసేకొద్దీ భూగర్భ జలమట్టం పడిపోయింది. ఇక్కడి ఊట సన్నబడుతూ వచ్చింది. 1990లో ఆ గని మూతపడ్డాక ఊట మెల్లగా కోలుకుంది. గనుల ప్రాంతాల్లో పుట్టి పెరిగిన మనవాళ్లు చాలామందికి ఈ కథ విడమరచి చెప్పక్కర్లేదు. అందుకే ఒడ్డున నిలబడి చూస్తున్నప్పుడు నాకు ఇది సరదా కొలనులా అనిపించదు, కాపాడుకున్న వస్తువులా అనిపిస్తుంది.

హేవీజ్ వైద్యానికి పెట్టింది పేరు. ఒడ్డునే కీళ్లవాతం ఆస్పత్రి ఉంది. సరస్సు అడుగు బురదను ఒంటికి పట్టు వేస్తారు. వెన్ను నొప్పికి చేసే బరువు స్నానం పుట్టింది కూడా ఇక్కడే. 1950లలో డాక్టర్ కారోయ్ మోల్ కనిపెట్టాడు. మెడ దగ్గరో చంకల కిందో ఆధారమిచ్చి, మనిషిని నిలువుగా వేడినీళ్లలో వేలాడదీస్తారు. నడుముకో చీలమండలకో బరువులు కడతారు. నీళ్లలో తేలిన ఒంటిని ఆ బరువు మెల్లగా సాగదీస్తుంది. ఇది టికెట్టు కొని చేయించుకునేది కాదు, డాక్టరు చూసి రాసివ్వాలి. ఒక మాట మాత్రం మనస్ఫూర్తిగా చెబుతున్నా: ఈ నీళ్లు నొప్పిని తగ్గిస్తాయి, పట్టేసిన కీలును వదులు చేస్తాయి. అరిగిన మోకాలిని మళ్లీ కొత్తది చేయవు. ఆ ఆశతో ఎవరినీ తీసుకెళ్లకండి.

ఊళ్లో ఇంకేముంది? సరస్సు నుంచి కొండ ఎక్కితే ఎగ్రెద్య్ అనే పాత పల్లె వస్తుంది. 1946లో ఇది హేవీజ్‌లో కలిసింది. పదమూడో శతాబ్దపు చిన్న రాతి చర్చి, దాని చుట్టూ సమాధులు, కిందికి వాలిన ద్రాక్షతోటలు, వరసగా వైన్ సెల్లార్లు. సాయంత్రం పూట అక్కడ కూర్చుంటే దూరంగా లోయ కనిపిస్తుంది. రాత్రి తొమ్మిది దాటితే ఊరు నిద్రపోతుంది. హడావిడి కావాలనుకునే కుర్రవాళ్లకు ఇది నచ్చదు.

హోయ్దూసోబోస్లో: పిల్లలుంటే ఇక వేరే ఆలోచన వద్దు

ఇది దేశానికి తూర్పున, దెబ్రెట్సెన్ నగరానికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉంది. కొండా గుట్టా లేని చదును నేల. 1606లో ట్రాన్సిల్వేనియా పాలకుడు ఇష్త్వాన్ బొచ్‌కాయ్ తనవైపు పోరాడిన హోయ్దూ సైనికులకు ఇక్కడ నేల ఇచ్చి నిలిపాడు. ఊరి పేరులో మొదటి సగం వాళ్లదే. మూడు వందల ఏళ్లు పొలాలు దున్నుకుంటూ బతికిన ఊరి రాత 1925 అక్టోబరు 26న మారింది. భూగర్భ శాస్త్రవేత్త ఫెరెంత్స్ పావై వైనా గ్యాస్ కోసం వేయించిన బోరులో 1,090 మీటర్ల లోతు నుంచి 73 డిగ్రీల వేడి నీళ్లు ఎగజిమ్మాయి. టీ రంగు, ఉప్పు రుచి, మందుల వాసన. రెండేళ్లు తిరక్కుండా, 1927లో స్నానాల ప్రాంగణం తెరిచారు.

ఇప్పుడది ముప్పై హెక్టార్లు. మొదటిసారి వెళ్లినవాళ్లు లోపల దారి తప్పుతారు. గేటు దగ్గరిచ్చే మ్యాపు పారేయకండి. ఒకపక్క పెద్దవాళ్లు నిశ్శబ్దంగా మునిగి కూర్చునే గోధుమరంగు వైద్యపు కొలనులు. అటుపక్క అలల కొలను, జారుడు బల్లలు, ఇసక పరిచిన తీరం. 2000లో ఇక్కడ తెరిచిన ఆక్వాపార్క్ హంగరీలో మొట్టమొదటిది. చలికాలంలో పిల్లలతో వెళ్లినా కప్పు కింద ఆడుకునే భవనం వేరే ఉంది. మేనల్లుణ్ని రెండోసారి ఇక్కడికే తీసుకొచ్చాను. వాడు చీకటిపడే దాకా నీళ్లు వదల్లేదు. అమ్మ అదే ప్రాంగణంలో వంద గజాల అవతల తన గోధుమరంగు నీళ్లలో హాయిగా కూర్చుంది. మూడు తరాలకూ ఒకే ప్రాంగణంలో గడిచిపోవడం ఈ ఊరి గొప్ప. హేవీజ్ ఇది ఇవ్వలేదు.

లోటు కూడా చెప్పాలి. జులై, ఆగస్టు నెలల్లో జాతర. కుర్చీలు దొరకవు, తిండి దగ్గర క్యూలు. ఊరు చూడటానికి అందంగా ఏమీ ఉండదు. పాత కోటగోడ ముక్క ఉన్న చర్చి ఒకటి చూస్తే చాలు. కానీ దెబ్రెట్సెన్ పక్కనే ఉంది కాబట్టి, అక్కడి విశ్వవిద్యాలయంలో చదివే పిల్లల్ని చూడటానికి వచ్చే తల్లిదండ్రులకు ఇది ఇంటి పక్క ఊరే. పొద్దున్న రైలెక్కి సాయంత్రానికి తిరిగి రావచ్చు.

హార్కాన్: చర్మానికి

దక్షిణాన క్రొయేషియా సరిహద్దు దగ్గర, పేచ్ నగరానికి సుమారు 25 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు. 1823లో ఇక్కడి చిత్తడి నేలలోంచి నీళ్లు బయటికి పంపడానికి కాలువ తవ్వుతున్న కూలీలకు వేడి నీళ్లు తగిలాయి. ఆ నీళ్లలో నిలబడి పనిచేసిన ఒక కూలీకి కాళ్ల నొప్పులు తగ్గాయని కథ. మరుసటేడే స్నానశాల కట్టారు. దొరలు కనుక్కున్న నీళ్లు కావివి, మట్టి మోసే మనిషి కాళ్లు కనుక్కున్నవి. ఆ మాట నాకెంతో ఇష్టం. 1866లో విల్మోష్ జిగ్మోండి ఇక్కడ బోరు వేసి 62 డిగ్రీల నీళ్లు పైకి తెచ్చాడు. రసాయన శాస్త్రవేత్త కారోయ్ థాన్ ఈ నీళ్లను పరీక్షించి, ఇందులో కార్బొనైల్ సల్ఫైడ్ అనే గంధకపు వాయువు ఉందని తేల్చాడు. 1867లో ఆ వాయువును మొదట గుర్తించింది కూడా ఆయనే.

గంధకం ఎక్కువ కాబట్టి వాసన ఘాటుగా ఉంటుంది, కోడిగుడ్డు చెడినట్టు. పావుగంటలో అలవాటైపోతుంది. చర్మం పొట్టు రాలే సొరియాసిస్ జబ్బు ఉన్నవాళ్లు హంగరీ నలుమూలల నుంచీ ఇక్కడికే వస్తారు, ఊరి ఆస్పత్రిలో దానికి ప్రత్యేకంగా వైద్యం ఉంది. మచ్చలున్న ఒంటితో కొలనులో దిగడానికి మనవాళ్లు చాలామంది సిగ్గుపడతారు. పక్కవాళ్లు ఏమంటారోనని భయం. ఇక్కడ సగంమందికి అవే మచ్చలు. ఎవరూ తేరిపార చూడరు, జరిగి కూర్చోరు. మందు సంగతి పక్కనబెడితే, ఆ ఒక్కటే చాలామందికి పెద్ద ఊరట అవుతుంది. ఒకటి రెండు రోజులుండి వస్తే చర్మం మీద పెద్ద మార్పు కనపడదు. వారాల తరబడి ఉండాలి, మీ చర్మ వైద్యుడితో మాట్లాడాకే రావాలి.

ఆడవాళ్లకు ఒక ముఖ్యమైన మాట. వెండి మెట్టెలు, పట్టీలు, మొలతాళ్లు బసలోనే తీసి పెట్టేయండి. గంధకం తగిలితే వెండి నల్లబడుతుంది. అమ్మ మెట్టెలు తీయనని పట్టుబట్టి అలాగే దిగింది. సాయంత్రానికి ఇనప చుట్టల్లా అయ్యాయి. బాధపడకండి, వెండి పోదు, తోమితే మెరుపు తిరిగి వస్తుంది. ఇంటికొచ్చాక మేము చింతపండుతో తోమాం, చాలావరకు వదిలింది.

చుట్టుపక్కల చూడటానికి నాలుగు ఊళ్లలోనూ హార్కాన్‌దే పైచేయి. ఐదారు కిలోమీటర్లలో షిక్లోష్ కోట, కాస్త అవతల ఎర్ర వైన్‌కు పేరుబడ్డ విల్లాన్య్. పేచ్‌లో రోమన్ల కాలపు క్రైస్తవ సమాధి గదులు 2000 నుంచి యునెస్కో జాబితాలో ఉన్నాయి. తురుష్కుల నాటి మసీదు ఇప్పుడు చర్చి, అది నడిబజార్లోనే ఉంది. హార్కాన్‌లో మూడు రోజులుంటే ఒక రోజు పేచ్‌కి ఇచ్చేయాల్సిందే.

షార్వార్: చరిత్ర ఇష్టమైతే, వియన్నా నుంచి వస్తుంటే

ఇక్కడి నీళ్లు కొత్తవి, ఊరు పాతది. 1961లో చమురు కోసం వేసిన బోర్లలో వేడి నీళ్లు పడ్డాయి. అందులో ఒక బావి నీళ్లు 83 డిగ్రీల వేడి, ఎంత ఉప్పంటే ఆరబెట్టి స్ఫటికాలు తీసి స్నానపు ఉప్పుగా అమ్ముతారు. ఇంటికి తెచ్చుకోదగ్గ వస్తువు, బ్యాగులో చోటు కూడా పెద్దగా తీసుకోదు.

ఊరి అసలు సొత్తు మాత్రం నడుమనున్న నాదష్ది కోట. ఐదు మూలల కట్టడం. ఇక్కడి ప్రభువు తమాష్ నాదష్ది అచ్చుయంత్రం పెట్టించాడు. 1541లో యానోష్ సిల్వెస్టర్ అనువదించిన కొత్త నిబంధన గ్రంథం దాని మీదే అచ్చయింది. హంగరీ గడ్డ మీద హంగేరియన్ భాషలో అచ్చైన మొదటి పుస్తకం అదే. స్నానానికి వెళ్లిన ఊళ్లో ఒక భాష అచ్చులోకి అడుగుపెట్టిన చోటు చూడటం, పుస్తకాలంటే ప్రాణం పెట్టేవాళ్లకు పెద్ద సంగతి. కోట హాల్లో పైకప్పు మీద తురుష్కులతో యుద్ధాల బొమ్మలు, 1653లో వేసినవి. మెడ పట్టేసే దాకా తలెత్తి చూశాను. ఎన్నో భయానక కథలకు మూలమైన ఎర్జెబెత్ బాతోరి కూడా ఈ ఇంటి కోడలే. కథలను బట్టి ఊరిని ఊహించుకోకండి. ప్రశాంతమైన ఊరు, పక్కనే ముదురు చెట్ల తోట.

వియన్నాలో, గ్రాజ్‌లో ఉండే మనవాళ్లకు బుడాపెస్ట్ వాళ్లకంటే ఈ ఊరే దగ్గర. శని ఆదివారాలకు చక్కగా సరిపోతుంది. పిల్లలకు ఆటల కొలనులున్నాయి, పెద్దవాళ్లకు వైద్యపు కొలనులున్నాయి. ఏదీ హోయ్దూసోబోస్లో అంత పెద్దది కాదు, ఏదీ హేవీజ్ అంత ప్రత్యేకం కాదు, కానీ జనం తక్కువ, శుభ్రం ఎక్కువ. ఒక జాగ్రత్త: ఆస్ట్రియా సరిహద్దు వైపు స్నానశాలల్లో సౌనా (చెమట పట్టించే వేడి గది) విభాగాల్లో కొన్నిచోట్ల బట్టలు లేకుండా కూర్చునే పద్ధతి ఉంటుంది. అత్తమామలతో వెళ్తే బోర్డు చూసుకుని తలుపు తీయండి.

ఇంకో రెండు పేర్లు వినిపిస్తాయి. రొమేనియా సరిహద్దులోని ద్యూలాలో ఇటుక కోట పక్కనే స్నానాల తోట ఉంది. బాగుంటుంది, కానీ దూరం. తక్కువ రోజులున్నవాళ్లకు నేను చెప్పను. బలాటన్ ఉత్తర తీరాన బలాటన్‌ఫ్యూరెడ్ వేడినీటి ఊరు కాదు. అక్కడివి పొంగే సోడా ఊటలు, గుండె వైద్యానికి పేరు. అయినా దాన్ని వదలొద్దు. 1926లో ఒంట్లో బాగాలేక రవీంద్రనాథ్ ఠాగూర్ ఇక్కడి గుండె ఆస్పత్రిలో ఉండి కోలుకున్నాడు. నవంబరు 8న సరస్సు ఒడ్డున ఒక లిండెన్ మొక్క నాటాడు. ఆ నడకదారికి ఇప్పుడు ఆయన పేరే. తర్వాత వచ్చిన భారత నాయకులు కూడా అక్కడ మొక్కలు నాటారు. చెట్టు కింద ఆయన విగ్రహం. దేశంకాని దేశంలో ఆ పేరున్న బోర్డు చదివితే మనసు ఒక్కసారి ఇంటికి పోయొస్తుంది. హేవీజ్ వెళ్లేవాళ్లు దారిలో ఒక పూట ఆగండి.

వెళ్లేముందు

రైలు సంగతి. హోయ్దూసోబోస్లో బుడాపెస్ట్–దెబ్రెట్సెన్ ప్రధాన మార్గం మీదే ఉంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు బండి మారే పని లేకపోవడం పెద్ద సుఖం. షార్వార్‌కు కూడా రైలు నేరుగా వెళ్తుంది. హేవీజ్‌కు రైలు లేదు, కెస్ట్‌హెయ్‌లో దిగి బస్సెక్కాలి, లేదా బుడాపెస్ట్ నుంచే బస్సు పట్టుకోవాలి. హార్కాన్‌కైతే పేచ్ దాకా రైలు, అక్కణ్నుంచి బస్సు. సామాను ఎక్కువుండి, పెద్దవాళ్లుండి, కారు లేకపోతే ఈ ఒక్క కారణంతోనే హార్కాన్‌ను పక్కనబెట్టవచ్చు. ఊళ్ల పేర్లు మనం పలికేది వాళ్లకు ఒక్కోసారి అర్థం కాదు. ఫోన్‌లో మ్యాపు తెరిచి కౌంటరులో చూపించండి.

నీళ్లలోకి చుడీదార్లు, నూలు నైటీలు వేసుకుని దిగనివ్వరు. ఒళ్లంతా కప్పే ఈత దుస్తులు మన దగ్గరే కొనుక్కుని తీసుకెళ్లండి. అవి ఒప్పుకుంటారా అని ఆ స్నానశాలకు ముందే మెయిల్ రాసి అడగండి, ఒక్కోచోట ఒక్కో నియమం. తువ్వాలు, రబ్బరు చెప్పులు తప్పనిసరి. దిగేముందు షవరు కింద ఒళ్లు కడుక్కోవాలి, ఇది అందరికీ. వేడి నీళ్లలో ఒకేసారి ఇరవై నిమిషాల కంటే ఎక్కువ ఉండకండి. బయటికొచ్చి మంచినీళ్లు తాగి, అరగంట పడుకుని మళ్లీ దిగండి. సుఖంగా ఉందని గంటసేపు కూర్చున్నవాళ్లకు లేవగానే కళ్లు తిరుగుతాయి. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరును అడగకుండా దిగొద్దు. టికెట్లు చాలాచోట్ల గంటల లెక్కన ఉంటాయి. పెద్దవాళ్లకు బట్టలు మార్చుకోవడానికే అరగంట పడుతుంది, అది కలుపుకుని కొనండి. బస బిల్లు మీద మనిషికింతని పర్యాటక పన్ను వేస్తారు, పిల్లలకు ఉండదు.

శాకాహారులు తిండికి భయపడక్కర్లేదు గానీ అడగాలి. లాంగోష్ అని పూరీకి అన్నలాంటిది అన్ని స్నానశాలల్లోనూ దొరుకుతుంది. పులిసిన పిండిని నూనెలో పొంగించి, వెల్లుల్లి నీళ్లు రాసి, పైన పుల్లని మీగడ, చీజ్ తురుము వేస్తారు. నీళ్లలోంచి వచ్చిన ఆకలికి అంతకంటే మంచిది లేదు. చీజ్‌కు పొడి పట్టించి వేయించే వంటకం కూడా అన్నిచోట్లా ఉంటుంది. చిక్కుడు సూపులో, జున్ను వేసిన నూడుల్స్‌లో పైకి కనపడకుండా పంది కొవ్వు ముక్కలు పడతాయి, ఆర్డరిచ్చే ముందే చెప్పండి. నాలుగు రోజులుండేవాళ్లు వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుంటే అన్నం, చారు పెట్టుకోవచ్చు. స్నానం చేసొచ్చిన రాత్రి అమ్మావాళ్లు అడిగేది అదే.

ఇన్ని చెప్పాక కూడా "నువ్వైతే ఎక్కడికెళ్తావు" అని అడుగుతారు. పిల్లలు వెంట లేకపోతే హేవీజే, రెండు రాత్రులు, వారం మధ్యలో. జులై ఆగస్టు కాకుండా సెప్టెంబరులోనో చలికాలంలోనో. మొదటి రోజు మధ్యాహ్నం చేరి ఎగ్రెద్య్ కొండ ఎక్కి దిగడంతో సరిపెట్టండి, ఆ రోజు నీళ్ల జోలికి పోవద్దు, ప్రయాణపు అలసటతో వేడి నీళ్లు పడవు. రెండో రోజు గేటు తెరిచే వేళకు టికెట్టు చేతిలో ఉండాలి. పర్యాటకుల బస్సులు రాకముందు, ఆవిరి ఇంకా విడిపోకముందు, ఆ చెక్క మెట్ల మీంచి మొదట దిగే నలుగురిలో మీ అమ్మగారు ఉండేలా చూసుకోండి.